పూరుని వేయి సంవత్సరములు

యయాతి కథను మనవారు చదువు తీరులో ఒక అలవాటు స్థిరపడిపోయినది. పురాణము చెప్పువారైనను, పాఠము చెప్పువారైనను, కథను త్వరత్వరగా నడిపించి, చివర యయాతి పలికిన మాటదగ్గఱ నిలుచుందురు. భోగించినకొలది కోరిక పెరుగునే కాని తఱుగదని అతడు తెలిసికొన్నాడు గదా, అదియే కథాసారమని చెప్పి గ్రంథము మూయుదురు. ఆ మాట గొప్పది కాదని నేననను. కాని ఆ మాట పలుకుటకు యయాతికి వేయి సంవత్సరముల పరాయి యౌవనము కావలసివచ్చినది. ఆ యౌవనము ఒక కుమారునిది. ఆ వేయి సంవత్సరములును ఆ కుమారుడెట్లు గడిపినాడో ఏ పౌరాణికుడును చెప్పగా నేను వినలేదు. వ్యాసుడు చెప్పలేదు, నన్నయయు చెప్పలేదు.

ఈ లోపము ఇంతకాలము వైరాగ్యవాక్యము చాటున దాగియున్నది. ఇక దాగుటకు వీలులేదు. మనుష్యుని ఆయువును, బలమును, బుద్ధిని ప్రకృతి గీచిన గీటు దాటించి పెంచవచ్చునా, పెంచుట ధర్మమా అను ప్రశ్న నేడు ప్రయోగశాలలలోను అంగళ్లలోను వినబడుచున్నది. దానిని సాహిత్యదృష్టితో విచారింపదలచిన భారతీయ రచయితకు యయాతి కథకంటె దగ్గఱి కథ లేదు. అందుచేత దానిని మరల చదువవలసియున్నది. ఈసారి రెండవ ప్రక్కనుండి.

వివరములు చాలమందికి జ్ఞప్తిలో నుండవు గనుక ఒకమారు తడవుకొందము. శర్మిష్ఠయందు రహస్యముగా కుమారులను గన్న నేరమునకు శుక్రుడు యయాతిని ముసలివాడవు కమ్మని శపించినాడు. బ్రతిమాలగా, ఆ ముసలితనమును మఱియొకనికిచ్చి వాని యౌవనమును పుచ్చుకొనవచ్చునని సడలించినాడు. యయాతి అయిదుగురు కుమారులను వరుసగా అడిగినాడు. వ్యాసభారతమున మొదటి నలుగురు చెప్పిన సమాధానములు చదువదగినవి. ముసలివానికి అన్నపానములు సహింపవు, చుట్టునున్నవారే పరిహసింతురన్నాడు యదువు. ముసలితనము బలమును, రూపమును, బుద్ధిని హరించునన్నాడు తుర్వసుడు. ముసలివాడు ఏనుగు నెక్కలేడు, గుఱ్ఱము నెక్కలేడు, మాట తడబడునన్నాడు ద్రుహ్యుడు. వేళగానివేళ పసివానివలె తినును, అశుచిగా నుండును, వేళకు హోమము చేయలేడన్నాడు అనువు. వీనిని అవిధేయుల మాటలుగా చదువుట మనకు అలవాటు. నిజమునకు ఇవి ముసలివారున్న ఇంటిలో మెలగి, దగ్గఱనుండి చూచినవారి మాటలు. ఆ దశ యెట్లుండునో వారికి తెలియును, అందుకే వద్దన్నారు.

తండ్రి నలుగురిని శపించినాడు. యదువు సంతతికి రాజ్యము లేదు. తుర్వసుని వంశము నశించును. ద్రుహ్యుడు గుఱ్ఱములును రథములును పోని చోట, తెప్పలమీద తిరుగు దేశమున బ్రతుకును. అనువు బిడ్డలు యౌవనము రాగానే చత్తురు. ఈ చివరి శాపములోని క్రౌర్యమును వ్యాఖ్యాతలు చూచినట్లు లేదు. యౌవనమీయనివాని బిడ్డలకు యౌవనమే ఉండరాదట. నలుగురికి ఆ గతి పట్టిన తరువాత అయిదవవాడైన పూరుని వంతు వచ్చినది. అతడు సరేనన్నాడు. దానిని మనము పితృభక్తి యన్నాము.

ఇక నేటి యయాతుల సంగతి. ముసలి ఎలుకను, పడుచు ఎలుకను ప్రక్కప్రక్కన చేర్చి కుట్టి, రెండింటి రక్తప్రసారమును ఒకటిగా చేయు పద్ధతి ప్రయోగశాలలలో చాలకాలముగా నున్నది. 2005లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయములోని శాస్త్రజ్ఞులు ఈ పద్ధతిచేత ముసలి ఎలుకల కండరములలోను కాలేయములోను మూలకణములు మరల పుంజుకొనుట చూచినారు. వార్త పొక్కినది. కొన్ని ఏండ్లలోనే కాలిఫోర్నియాలో ఒక సంస్థ పడుచువారి రక్తమునుండి తీసిన ప్లాస్మాను, లీటరు 8,000 డాలర్లకు, డబ్బుగలవారి నరములలోనికి ఎక్కింప మొదలుపెట్టినది. 2019 ఫిబ్రవరిలో అమెరికా ఆహార ఔషధ నియంత్రణశాఖ, దీనికి రుజువైన ప్రయోజనము లేదు, అపాయము కలదని ప్రజలను హెచ్చరించినది. 2023లో బ్రయన్ జాన్సన్ అను అమెరికా ధనికుడు తన 17 ఏండ్ల కుమారుని ప్లాస్మాను తాను ఎక్కించుకొన్నాడు; తన ప్లాస్మాను 70 ఏండ్ల తన తండ్రికిచ్చినాడు. కొన్ని నెలలకు, తన దేహములో మేలేమియు కనబడలేదని తానే ప్రకటించి ఆ పని మానినాడు. ఒకే మనుష్యుడు ఒకే కాలమున యయాతియు పూరుడును కావచ్చునని భారతకవికి తోచలేదు.

ఈ వార్తను పత్రికలు వ్రాసిన తీరు గమనింపదగినది. అతని వయస్సు తగ్గినదా లేదా, చర్మము మాటయేమి, గుండె మాటయేమి? ప్రశ్నలన్నియు యయాతివే. సమాధానము 'లేదు' అని రాగానే కథ ముగిసినది. ఇచ్చినవానినిగూర్చిన ప్రశ్న శాస్త్రమున మాత్రము పుట్టినది. 2016లో బర్క్‌లీలో ఎలుకలను కుట్టకుండ, ముసలిదాని రక్తమును పడుచుదానికి, పడుచుదాని రక్తమును ముసలిదానికి మార్చి చూచినారు. పడుచురక్తమువలన ముసలిదానికి కలిగిన మేలు కొంచెమే. ముసలిరక్తమువలన పడుచుదానికి కలిగిన కీడు వెంటనే కనబడినది, పెద్దదిగాను ఉన్నది. 2020లో అక్కడివారే పడుచురక్తము జోలికి పోకుండ, ముసలి ఎలుకల ప్లాస్మాలో సగము తీసి ఉప్పునీటిని, ఆల్బుమిన్‌ను నింపగా, అట్టి మేలే కొంత కనబడినది. ఎలుకకు పట్టినది మనుష్యునికి పట్టునని చెప్పరాదు. అయినను కథాదృష్టితో చూచినచో ఎంతటి విషయము! యయాతికి చేరినదానికంటె పూరుడు పోగొట్టుకొన్నది ఎక్కువ. అసలు పూరుడే అక్కఱలేదేమో.

ఆ 17 ఏండ్ల కుమారుడు ఇష్టపడియే ఇచ్చినాడనుకొందము. పూరుడును ఇష్టపడియే ఇచ్చినాడు. ఈ 'ఇష్టము' అనునది ఎటువంటిదో తేల్చుట నీతిశాస్త్రమునకు కష్టము. నలుగురు అన్నలు శాపగ్రస్తులై నిలిచినచోట, అడుగువాడు తండ్రియు రాజును అయినచోట, 'సరే' అను మాటలో ఎంతపాలు ఇష్టము? మన దేశమున ఇది పురాణప్రశ్న కాదు. 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మము జిల్లాలో 10 నుండి 14 ఏండ్ల బాలికలకు గర్భాశయముఖ క్యాన్సరును అరికట్టు టీకాను అధ్యయనార్థము వేసినారు. వారిలో పెక్కురు గిరిజన బాలికలు, వసతిగృహములలో చదువుకొనువారు. 2010లో ఆ పని ఆగినది. 2013లో పార్లమెంటు స్థాయీసంఘము తన నివేదికలో, అనేకచోట్ల సమ్మతిపత్రముల మీద తల్లిదండ్రులకు బదులు వసతిగృహపు వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకములు చేసిరని తప్పుపట్టినది. ఆ టీకా మంచిదే. నేడు అనేక దేశములలో వాడుకలో నున్నది. అది యౌవనముకొఱకు చేసిన పనియు కాదు. కాని దేహము ఒకరిది, 'సరే' మఱియొకరిది కాగల చోటున మనము బ్రతుకుచున్నాము. ఇది తెలిసిన రచయిత పూరుని అంగీకారమును పితృభక్తి యని ఒక్కమాటలో దాటిపోలేడు.

ఇట్టి శాస్త్రవార్తలు వచ్చినప్పుడు మనలో పుట్టు మొదటి ఉత్సాహము వేఱు. ఇది మాకెప్పుడో తెలుసుననుట. 2019 జనవరిలో జలంధరులో జరిగిన భారత విజ్ఞాన మహాసభలో, ఆంధ్రదేశపు విశ్వవిద్యాలయ ఉపకులపతి ఒకరు, నూర్గురు కౌరవులు మూలకణవిద్యచేత పుట్టిరని ప్రసంగించి విమర్శల పాలైనారు. ఆ వాదములోని శాస్త్రదోషమును శాస్త్రజ్ఞులు ఖండించినారు. సాహిత్యదోషమును మనము చెప్పవలెను. గాంధారి రెండేండ్లు గర్భము మోసి, కుంతికి కొడుకు పుట్టినాడని విని, ఓర్వలేక తన కడుపు తానే కొట్టుకొన్నది. ఆ మాంసపిండమే నూటొక్క ముక్కలై నేతికుండలలోనికి పోయినది. కుండలను చూచి మురియుచు, కడుపు కొట్టుకొన్న తల్లిని చూడకపోవుట కావ్యమును చదువుట కాదు. పురాణమున యంత్రము వెదకువానికి యంత్రము దొరకదు, దుఃఖము చేజారును. యయాతి కథయందును అంతే. యౌవనమును మార్చు విద్య యేదో వ్యాసునికి తెలియును అన్నవాడు పూరుని మరల ఒకసారి మఱచినవాడగును.

మఱియొక తొందరపాటు దీనికి ఎదురుదిక్కున నున్నది. మనుష్యుడు తన దేహమును బాగుచేసికొనబూనుటయే అహంకారము, దైవధిక్కారమని ఖండించుట. మన ప్రాచీనులకు ఈ భయము లేదు. చరకుడు చికిత్సాస్థానమును రోగముతో మొదలుపెట్టలేదు; రసాయనముతో మొదలుపెట్టినాడు. ఔషధము రెండువిధములు, ఒకటి రోగిలోని రోగమును పోగొట్టునది, మఱియొకటి ఆరోగ్యవంతునికి ఓజస్సును పెంచునది అని స్పష్టముగా విభజించినాడు. చికిత్సకును పెంపునకును నడుమ గీత గీయవచ్చునా అని నేటి పాశ్చాత్య నీతిశాస్త్రజ్ఞులు వాదించుకొనుచున్నారు. చరకుడు గీత గీచి, రెండు ప్రక్కలను వైద్యమే యన్నాడు. (ఆ 'రసాయన' శబ్దము నేడు తెలుగులో కెమిస్ట్రీకి పేరైపోయినందున అనువాదకునికి అక్కఱకు రాకుండ పోయినది. 'మెరుగు' అన్నచో నగకు పెట్టు మెరుగు గుర్తుకు వచ్చును. 'ఉత్కర్ష' అన్నచో వాదము ముగియకముందే తీర్పు చెప్పినట్లగును. నేను ఈ వ్యాసములో 'పెంపు' అనుచున్నాను. అది చాలదని తెలియును.)

భారతములోనే చ్యవనుని కథ యున్నది. పుట్టలో మునిగిన ముసలి ఋషి; కన్నులు పొడిచిన నేరమునకు అతనికి భార్యగా ఇవ్వబడిన సుకన్య; అశ్వినులు వచ్చి అతనిని నీట ముంచి యౌవనముతో లేపుట. అక్కడ ఎవరి యౌవనమును తఱుగలేదు. వైద్యులకు ఫీజుగా యజ్ఞమున సోమభాగము ముట్టినది, అలిగినవాడు ఇంద్రుడొక్కడు. సుకన్య పెండ్లినిగూర్చి వేఱుగా అడుగవలసిన ప్రశ్నలున్నవి. యౌవనము వచ్చిన దారిలో మాత్రము దోషము లేదు. చ్యవనుని కథను, యయాతి కథను ఒకే గ్రంథమున చదువుచు, రెంటికి నడుమనున్న భేదమును గమనింపనివారు భారతము పెంపునకు అనుకూలమనియో ప్రతికూలమనియో చెప్పుచుందురు. భారతమున ఆ ప్రశ్న లేదు. ఎవరి దేహమునుండి వచ్చినదన్నది ఒక్కటే అక్కడి ప్రశ్న.

ఆధునికులలో ఇద్దరు ఈ కథను తీసికొన్నారు. విష్ణు సఖారామ్ ఖాండేకర్ మరాఠీ నవల 'యయాతి' 1959లో వచ్చినది; 1960లో సాహిత్య అకాడమీ పురస్కారమును, తరువాత 1974 సంవత్సరమునకు జ్ఞానపీఠమును పొందినది. యయాతి, దేవయాని, శర్మిష్ఠ తమ తమ కథను తామే చెప్పుకొందురు. స్త్రీలకు గొంతునిచ్చుటలో ఖాండేకర్ చేసిన మేలు చిన్నది కాదు; శర్మిష్ఠ భాగములు నేటికిని చదివించును. కాని స్వాతంత్ర్యానంతరము భోగపరాయణమగుచున్న సమాజమునకు హెచ్చరిక చేయుట ఆయన ధ్యేయము. ఆ హెచ్చరిక యయాతికే చెందును. కథకుల వరుసలో పూరునికి చోటు లేదు.

గిరీశ్ కర్నాడ్ కన్నడ నాటకము 'యయాతి' 1961లో అచ్చైనది. అది ఆయన మొదటి నాటకము. విదేశవిద్యకు పోబోవు యువకుడు వ్రాసినది. తన భవిష్యత్తును త్యాగము చేయుమని కోరుచున్నట్లు తోచిన వారందఱిమీద తనకుగల కినుక ఈ కథలో పలికినదని ఆయనయే తరువాత చెప్పుకొన్నాడు. కనుక ఇది కొడుకు ప్రక్కనుండి వ్రాసిన మొదటి యయాతి. దీనిలో భారతమునలేని పాత్ర చిత్రలేఖ, పూరుని భార్య. కొత్తపెండ్లికూతురు. భర్త చేసిన త్యాగమును విని మొదట గర్వపడును. దీపము వెలుగున అతని ముఖమును చూచి వెనుకకు తగ్గును. కర్తవ్యము బోధింప వచ్చిన మామను, నా భర్త యౌవనము నీలో ఉన్నది గనుక నన్నును నీవే స్వీకరింపుమని అడుగును. యయాతి దిగ్భ్రాంతుడగును. ఆమె విషము త్రాగును.

భారతీయ నాటకసాహిత్యములో పెంపుధర్మమునుగూర్చి ఇంత సూటియైన ప్రశ్న మఱియొకటి లేదని నా అభిప్రాయము. యౌవనము దేహమునుండి వేఱుచేయదగిన సరకైనచో, ఆ దేహముతో ముడిపడిన బాంధవ్యములన్నియు ఎక్కడికి పోవలెను? యయాతి తీసికొన్నది పూరునిది మాత్రమే యనుకొన్నాడు. అందులో చిత్రలేఖ పాలున్నది. ఆమెను ఎవరును అడుగలేదు.

అయినను నాటకము చివర నాకు అసంతృప్తియే మిగులును. చిత్రలేఖ చావగానే యయాతికి కన్ను తెఱచుకొనును, ముసలితనమును తిరిగి తీసికొనును. పురాణమున వేయి సంవత్సరములు చేసిన పనిని ఇక్కడ ఒక స్త్రీ చావు చేసినది. అనగా కొడుకు ప్రక్కనుండి బయలుదేఱిన నాటకము మరల తండ్రి జ్ఞానోదయమునొద్దకే చేరినది. పూరుడు ముసలివాడైయుండినది ఒక్క రాత్రి. వేయి సంవత్సరములను ఒక రాత్రిగా కుదించుట రంగస్థలమునకు సౌకర్యమే. కాని ముసలితనము అనగా ముఖము మారుట కాదు, ప్రొద్దులు గడచుట. ఆ ప్రొద్దులు ఇక్కడను లేవు.

వానిని వ్రాసిన నవల మనది కాదు. జపానులో పుట్టి ఇంగ్లండులో పెరిగిన కజువో ఇషిగురో 2005లో ప్రచురించిన 'నెవర్ లెట్ మి గో' చూడుడు. ఇతరుల రోగములు మాన్పుటకై అవయవములిచ్చుటకే పెంచబడిన మనుష్యుల కథ అది. చెప్పునది వారిలో ఒకతె, 31 ఏండ్ల కాథీ. ఆ విద్య యెట్టిదో, ఎవరు కనిపెట్టిరో నవలలో దాదాపు లేదు. అవయవములు పొంది బ్రతికినవాడొక్కడును మనకు కనబడడు. ఉన్నదంతయు బడి, స్నేహములు, ఒక పాటల క్యాసెట్టు, అసూయలు, ఎదురుచూపులు. ఎవరును పారిపోరు. పారిపోరేమని చాలమంది పాఠకులు విసుగుకొందురు. పూరుడు మాత్రము పారిపోయినాడా? ఎదిరింపనివాని అంతరంగమెట్లుండునో చూపుటయే ఇషిగురో పని. ఇంతకు రెండువందల ఏండ్లకు ముందు 1818లో మేరీ షెల్లీ తన 'ఫ్రాంకెన్‌స్టీన్' నడుమ భాగమును ఆ సృష్టింపబడిన ప్రాణిచేతనే చెప్పించినది. తరువాత వచ్చిన ప్రసిద్ధ చలనచిత్రము వాని మాటను తీసివేసి కేకలు మాత్రము మిగిల్చినది. వినుటకంటె భయపడుట సులభము గదా.

ఇషిగురోను తెలుగులోనికి తెచ్చువానికి మొదటి పుటలోనే చిక్కు వచ్చును. ఆ నవలలో అవయవములిచ్చుటను 'డొనేషన్' అందురు. ఇచ్చి ఇచ్చి చచ్చుటను, ముగించుట, పూర్తియగుట అను అర్థముగల మాటతో చెప్పుదురు. ఇంగ్లీషున ఈ రెండును చల్లని కార్యాలయపు మాటలు. ఆ చల్లదనమే నవలలోని భయంకరత్వము. తెలుగున 'దానము' అనగానే శిబి వచ్చును, కవచమును కోసియిచ్చిన కర్ణుడు వచ్చును, జీమూతవాహనుడు వచ్చును. 'పూర్ణత్వము' అనగానే వేదాంతము వచ్చును. చంపబడుచున్నవాడు తన నోరు విప్పకముందే మన భాష వానికి పుణ్యము కట్టబెట్టును. అవయవదానము నిజముగా దానమైనచోట ఆ పుణ్యము న్యాయమే. దానముకానిచోట అదే మాట ముసుగగును. అనువాదకుడు 'దానము'ను వదలి 'ఇచ్చుట' అని పొడిగా వ్రాయవలెనని నా మతము. పాఠకునికి చప్పగా తోచినను సరే. పూరుని త్యాగి యని పిలిచి ఇన్ని శతాబ్దములు వాని మాట వినకుండుటకు కారణములలో ఈ శబ్దగౌరవము ఒకటి.

మన భాష చేసిన ఉపకారమును కూడ చెప్పవలెను. పదునాఱవ శతాబ్దమున పొన్నికంటి తెలగన 'యయాతి చరిత్రము' వ్రాసి, గోలకొండ ప్రభువుల కొలువులోని అమీనుఖానునకు అంకితమిచ్చినాడు. అచ్చతెనుగు కావ్యములలో అది మొదటిది. తత్సమము వాడనని పట్టిన పట్టును చాలమంది విమర్శకులు శబ్దక్రీడగా చూచి విడిచినారు. కాని ఆ నియమము ఈ కథకు ఒక పని చేసినది. సంస్కృతమున ముసలితనము 'జర'. అరిగిపోవుట, శిథిలమగుట దాని ధాత్వర్థము. అచ్చతెనుగు కవికి 'జర' లేదు, 'ముదిమి' ఉన్నది. అది 'ముదురు' అను మాటకు చుట్టము. చెఱకు ముదురును, కాయ ముదురును, పాకము ముదురును. సంస్కృతములో యయాతి కొడుకునకిచ్చినది అరుగుదల. తెలుగులో ఇచ్చినది ముదురుదనము. యదువును అన్నలును జరను చూచి వద్దన్నారు. పూరుడు పుచ్చుకొన్నది ముదిమి యైనచో, వేయి సంవత్సరముల తరువాత యౌవనము తిరిగివచ్చిననాడు అతడు పడుచువారిలో ఒక్కడే ముసలితనమెఱిగినవాడు.

ఆ పూరుని సింహాసనమునెక్కించునప్పుడు ప్రజలు, పెద్దవారుండగా కడపటివానికి రాజ్యమేమని అడిగినారు. తండ్రి మాట వినినవాడే కొడుకని యయాతి బదులుచెప్పినాడు. ఆ సభలో పూరుడు ఏమనినట్లును లేదు. తరువాత భారతము యయాతి వెంట అడవికి పోయినది, స్వర్గమునకు పోయినది, గర్వముచేత స్వర్గమునుండి పడినప్పుడు అతని వెంట క్రిందికి దిగినది. పూరుని పేరుమీద వంశమును చెప్పినది, ఆ వంశములోని రాజులను వరుసగా చెప్పినది. పూరుడు ఏమి తెలిసికొన్నాడో చెప్పలేదు.